పీహెచ్‌పీ వెర్షన్ మారాక పాత సైట్ ఆగిపోతే: సమస్య - పరిష్కారం

హనుమకొండ, కాజీపేటల్లోని కాలేజీలకు, ఏనుమాముల మార్కెట్‌లోని అడ్తీ (కమీషన్ ఏజెంట్ల) షాపులకు పదేళ్ల కింద చేసిచ్చిన సైట్లు ఇంకా నడుస్తున్నాయి. హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీని (సైట్ వెనక నడిచే ప్రోగ్రామింగ్ భాష) 5 నుంచి 8కి మార్చగానే వాటికి వచ్చే తంటాలు ఇవి.

తెల్ల పేజీ తప్ప ఏమీ రావట్లేదు

ఎర్రర్ లాగ్ (సర్వర్ తప్పులను రాసుకునే ఫైల్) తెరవండి. డేటాబేస్‌కు కలిపే మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షన్ లేదని అందులో ఉంటే కారణం దొరికినట్టే. ఆ ఫంక్షన్లను 2013లో, 5.5 వెర్షన్‌లోనే డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు, తర్వాత తీసేస్తాం) అని ప్రకటించారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో తీసేశారు.

హోస్టింగ్ ప్యానెల్‌లో పాత వెర్షన్ ఉంటే ముందు దానికి తిప్పి సైట్ లేపండి. అడ్మిషన్ల టైంలో తల్లిదండ్రులను ఆపలేం. కానీ పాత వెర్షన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు కాబట్టి అది నాలుగు రోజుల ముచ్చటే. ఈలోపు సబ్‌డొమైన్‌లో కాపీ పెట్టి అక్కడ సరిచేయండి.

పాత ఫంక్షన్ల బదులు వాడేది మైఎస్‌క్యూఎల్‌ఐ. అలాగని పేర్లలో మైఎస్‌క్యూఎల్ పక్కన ఒక 'ఐ' చేర్చి ఫైండ్-రీప్లేస్ కొడితే అయిపోదు. పాత ఫంక్షన్‌కు క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) ముందు ఇచ్చేవాళ్లం, కనెక్షన్ ఇవ్వకపోయినా నడిచేది. మైఎస్‌క్యూఎల్‌ఐలో కనెక్షన్ తప్పనిసరి, అదే ముందు రావాలి. ఎలాగూ ప్రతి లైనూ ముట్టుకుంటున్నారు కదా, క్వెరీని, అందులోని విలువలను విడివిడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మారండి. ఫారంలో వచ్చిన పేరును నేరుగా క్వెరీలో అతికించే పద్ధతి ఇప్పటికైనా పోవాలి.

సైట్ లేచింది, తెలుగు పోయింది

నర్సంపేట, పరకాల అని ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే సాధారణంగా అది కనెక్షన్ చార్‌సెట్ (అక్షరాలను కోడ్‌గా మార్చే పద్ధతి) తేడా. కనెక్ట్ అయిన వెంటనే, తెలుగును కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అని సెట్ చేయండి. అప్పటిదాకా ఆఫీసులో ఎవరినీ ఎడిట్ చేయనివ్వకండి. ఆ ఫారం సేవ్ కొడితే ప్రశ్నార్థకాలే డేటాబేస్‌లోకి పోతాయి, అసలు పేరు తిరిగి రాదు. చార్‌సెట్ మార్చాక పిచ్చి అక్షరాలు వస్తే, డేటా మొదటి నుంచీ లాటిన్1 (తెలుగు లేని పాత చార్‌సెట్) కనెక్షన్ మీదుగా చేరి ఉండొచ్చు. బ్యాకప్ తీయకుండా టేబుల్ జోలికి పోవద్దు.

అంతా బాగానే ఉంది, లాగ్ నిండా డెప్రికేటెడ్ అని వస్తోంది

చాలామంది టెన్షన్ పడి ఆ మెసేజ్‌లనే ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. స్క్రీన్ మీద రాకుండా ఆపండి చాలు, లాగ్‌లో మాత్రం పడనివ్వండి. ఉదాహరణకు కోడ్‌లోని క్లాస్‌లో ముందుగా ప్రకటించని ప్రాపర్టీ (వేరియబుల్) వాడితే 8.2 నుంచి హెచ్చరిక వస్తుంది. ఇప్పుడైతే దాన్ని ప్రకటించే ఒక్క లైన్‌తో పోతుంది.

మీరు రాసిన ఫంక్షన్లనే తీసేయాలంటే, పాత పేరు అలాగే ఉంచి లోపల కొత్తదాన్ని పిలవండి, పిలిచిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైన్ పడేలా చూడండి. నెల రోజులు లైన్ పడలేదని తీసేయొద్దు. అడ్తీ షాపు బిల్లు పేజీ మిర్చి సీజన్‌లోనే తెరుస్తారు, కాలేజీ హాల్‌టికెట్ పేజీ పరీక్షలప్పుడే. ఏడాది మొత్తం ఒక్క లైన్ కూడా పడకపోతేనే తీసేయండి.