రెండు షిఫ్టుల నడుమ: డయాలసిస్ గదిలో ఇన్‌ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసుకునే విధానం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ అనే మాటకు అర్థం వివరించవలసిన ఇల్లు ఇప్పుడు దాదాపు లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో, కారణం ఇదీ అని నేటికీ తేలని కిడ్నీ జబ్బుతో, వారానికి రెండు మూడు సార్లు మిషన్ ఎక్కవలసిన వారు ఊరూరా ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. ఇటువంటి కేంద్రాలలో కొత్తగా చేరే టెక్నీషియన్లనూ, నర్సులనూ ఉద్దేశించి రాస్తున్న సూచనలివి. రోగి వెంట వచ్చే ఇంటివారు చదివినా నష్టమేమీ లేదు. పైగా, మేము చేయవలసిన పని చేస్తున్నామా లేదా అని గమనించే కన్ను ఒకటి గదిలో ఉండడం మంచిదే.

కొత్తగా చేరినవారిలో ఎక్కువమంది మిషన్‌ను చూసి భయపడతారు. జబ్బు మిషన్ లోపల దాగి ఉంటుందనీ, మిషన్ మార్చితే సరిపోతుందనీ అనుకుంటారు. నా అనుభవంలో మిషన్ కన్నా, ఒక కుర్చీ నుంచి మరో కుర్చీకి నడిచే మనిషి చేతులు, ఆ చేతులు మోసుకెళ్లే వస్తువులు ఎక్కువ ప్రమాదకరం. రక్తపు మరక కంటికి కనబడకపోయినా, ఆరిపోయిన ఉపరితలం మీద హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజుల పాటు జబ్బును అంటించగల స్థితిలో ఉంటుంది. బి.పి. పట్టీ, క్లాంపు, కుర్చీ చేయి, మిషన్ మీది మీటలు, కేసు షీటు మీద రాసే పెన్ను, ఇవన్నీ ఆ వైరస్‌కు బండ్లే.

అందుకే మొదటి షిఫ్టు ముగిసి రెండో షిఫ్టు మొదలయ్యే మధ్య సమయాన్ని ముందుగా సరిచేసుకోవాలి. మందస వైపు వెళ్లే చివరి ఆటో దాటిపోతుందన్న తొందర ఒక పక్క, ఉదయం నుంచీ బయట బెంచీ మీద కూర్చున్నవారి విసుగు మరో పక్క ఉంటాయి కనుక, గదిలో అన్ని తప్పులూ ఆ అరగంటలోనే జరుగుతాయి. పాటించవలసిన వరుస ఇది: ముందటి రోగి కుర్చీ నుంచి లేచి బయటికి వెళ్లిన తరువాతనే శుభ్రం చేయడం మొదలుపెట్టాలి, శుభ్రం చేసినది పూర్తిగా ఆరిన తరువాతనే తరువాతి రోగికి చెందిన డయలైజరు (రక్తాన్ని వడగట్టే గొట్టం) గానీ, ట్యూబులు గానీ, సిరంజి గానీ అక్కడికి తేవాలి. ఒకరు ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్‌తో చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోటు) దగ్గర దూది నొక్కుకుని కూర్చుని ఉండగానే పక్కన మరొకరి ట్యూబులు తగిలించి ప్రైమింగ్ (ట్యూబులలో సెలైన్ నింపి గాలి పోగొట్టడం) మొదలుపెట్టడం సమయం ఆదా చేసినట్టు కనిపిస్తుంది కానీ, మనం శుభ్రం చేసిన పని అంతా అక్కడితో వృథా అయినట్టే.

తుడవడంలో కూడా క్రమం ఉంది. వాడిన ట్యూబులు, డయలైజరు బిగువుగా మూసి తీసివేయాలి. ప్రైమింగ్ నీరు పట్టిన బకెట్‌ను ఖాళీ చేసి కడగాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. ఆ తరువాత మిషన్ ముందు భాగం, పక్కలు, స్టాండు, కుర్చీ చేతులు, బి.పి. పట్టీ, బల్ల, అన్నిటినీ క్రిమిసంహారక ద్రావణంతో తడిపిన గుడ్డతో తుడిచి, దానంతట అదే ఆరనివ్వాలి. పొడిగుడ్డతో వెంటనే తుడిచేస్తే మందుకు పని చేసే వ్యవధి దొరకదు. ఒక కుర్చీకి వాడిన గుడ్డను మరో కుర్చీకి వాడకూడదు.

మన దగ్గర అందరూ హైపో అని పిలిచే సోడియం హైపోక్లోరైట్ సాధారణంగా ఐదు శాతం గాఢతతో వస్తుంది. డబ్బా మీద ఎంత శాతమో చదివిన తరువాతనే నీళ్లు కలపాలి. ఐదు శాతం ద్రావణమైతే ఒక వంతుకు నాలుగు వంతుల నీరు కలిపినప్పుడు ఒక శాతం అవుతుంది. రక్తం ఒలికినచోట ఇది కావాలి. ఒలికిన రక్తం మీద ముందు పాత గుడ్డగానీ టిష్యూగానీ పరచి, దాని మీద ఒక శాతం హైపో పోసి, కనీసం పది నిమిషాలు ఆగి, గ్లోవ్స్‌తో ఎత్తి పసుపు సంచిలో వేయాలి. నేరుగా మాపు పెట్టి తుడిస్తే రక్తం గదంతా పులిమినట్టవుతుంది. కలిపిన హైపో ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోవలసిందే. లోహపు భాగాలను తుప్పు పట్టిస్తుంది కనుక, అక్కడ వాడితే తరువాత మంచినీటితో తుడవాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. డయాలసిస్ గదిలో మిషన్ లోపలి సున్నపు పొర పోగొట్టడానికి సిట్రిక్ ఆమ్లం ఉంటుంది, కొన్ని చోట్ల పెరాసెటిక్ ఆమ్లమూ ఉంటుంది. వీటిలో దేనితోనైనా హైపో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండు డబ్బాలూ ఒకే అలమరలో పక్కపక్కన పెట్టవద్దు, ఒకదాని మగ్గు మరొకదానికి వాడవద్దు.

చేతుల సంగతికి వస్తే, గ్లోవ్స్ తొడుక్కున్నామన్న ధీమాయే మన శత్రువు. గ్లోవ్స్ మన చర్మాన్ని కాపాడతాయి గానీ, అదే గ్లోవ్స్‌తో రెండో రోగిని ముట్టుకుంటే అతన్ని కాపాడవు. ఒక రోగి దగ్గర పని అయిన వెంటనే గ్లోవ్స్ తీసి, చేతులు శుభ్రం చేసుకుని, కొత్తవి తొడుక్కోవాలి. ఆల్కహాల్ హ్యాండ్ రబ్ అయితే చేతులంతా తడిసేలా ఇరవై, ముప్పై సెకన్లు రుద్దితే చాలు. చేతులకు రక్తం గానీ మురికి గానీ కనిపిస్తే మాత్రం సబ్బు, నీటితో నలభై నుంచి అరవై సెకన్లు కడగవలసిందే. హ్యాండ్ రబ్ సీసా ప్రతి కుర్చీ దగ్గర ఉండాలి, సిస్టర్ టేబుల్ మీద ఒకటే ఉంటే ఎవరూ అంత దూరం నడవరు.

ప్లాస్టర్ గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. నేను పని నేర్చుకున్న రోజులలో, ఒక సీనియర్ టెక్నీషియన్ షిఫ్టు మొదలవగానే పది పన్నెండు ప్లాస్టర్ ముక్కలు చింపి, మిషన్ అంచున వరుసగా అంటించుకునేవాడు. సూది గుచ్చిన చేతితోనే ఒక్కొక్క ముక్కా లాగి అంటించేవాడు, మిగిలిన ముక్కలు తరువాతి రోగికి వాడేవాడు. అతని వేగం చూసి మేమంతా మెచ్చుకుని, నేర్చుకున్నాం. ఆ ముక్కల జిగురు ఎంతమంది రక్తాన్ని మోసి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ప్లాస్టర్ చుట్టను రోగికి ఒకటి చొప్పున ఉంచాలి, లేదా శుభ్రమైన చోట చింపిన ముక్కలు ఆ ఒక్కరికే తెచ్చి, మిగిలితే పారవేయాలి. కుర్చీ దాకా వెళ్లిన వస్తువేదీ తిరిగి శుభ్రమైన బల్ల మీదికి రాకూడదన్నది అన్నిటికీ వర్తించే నియమం.

మందులకూ అంతే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఐదు మిల్లీలీటర్ల సీసా ఒకటి చాలామందికి సరిపోతుంది కనుక, ట్రాలీ మీద పెట్టుకుని కుర్చీ కుర్చీకీ తోసుకుపోయే అలవాటు చాలా చోట్ల ఉంది. వాడిన సూది ఒక్కసారి ఆ సీసాలో దిగితే, ఆ తరువాత ఎక్కించుకున్న ప్రతి ఒక్కరికీ ముప్పే. డయాలసిస్ కేంద్రాలలో హెపటైటిస్ పాకడానికి ఇటువంటి ఉమ్మడి సీసాలు కారణమని అనేక దేశాలలో తేలింది. మందులు కుర్చీలకు దూరంగా, రక్తపు నమూనాలూ వాడిన సామగ్రీ పెట్టని బల్ల మీద సిద్ధం చేయాలి. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి వాడి, ఎవరి మోతాదు వారి పేరు రాసి, విడిగా తీసుకువెళ్లాలి. సీసా మూతను స్పిరిట్ దూదితో తుడవకుండా సూది గుచ్చవద్దు.

ఫిస్టులా ఉన్న రోగి కుర్చీ ఎక్కకముందే ఆ చేతిని సబ్బుతో కడుక్కుని రావాలి. బస్సులో వచ్చిన చేతికి స్పిరిట్ ఒక్కటే చాలదు. చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రాసిన తరువాత అది ఆరేదాకా ఆగాలి, తుడిచినచోట మళ్లీ వేలితో నరం వెదకకూడదు. సూదులు తీసిన తరువాత దూది నొక్కిపెట్టే పని ఇక్కడ తరచు భార్యకో కొడుక్కో పడుతుంది. వారి చేతికి గ్లోవ్ ఇవ్వకపోవడం మన తప్పు. ‘నా మొగుడి రక్తమే కదా బాబూ’ అని ఆమె అనవచ్చు, అయినా తొడిగించి, తరువాత చేతులు కడిగించాలి, ఎందుకంటే ఆమె వెంటనే పక్క కుర్చీలో ఉన్న వాళ్ల ఊరామెకు మంచినీళ్ల సీసా అందిస్తుంది.

మెడలో కాథెటర్ (రక్తం తీసి, తిరిగి ఎక్కించే గొట్టం) ఉన్నవారి ప్రమాదం ఫిస్టులా వారి కన్నా చాలా ఎక్కువ. దాని మూతలు తెరిచేటప్పుడు రోగికీ, మనకూ మాస్కు ఉండాలి, ఫ్యాను ఆపాలి. మే నెల ఉక్కలో ఎవరు గొణిగినా ఆ రెండు నిమిషాలు ఆపవలసిందే. మూత తీసిన ప్రతి కొసనూ యాంటీసెప్టిక్‌తో కనీసం పదిహేను సెకన్లు రుద్ది, ఆరిన తరువాతనే లైను కలపాలి. చెరువు స్నానం వద్దని, కట్టు తడిస్తే మర్నాటిదాకా ఆగకుండా రమ్మని స్పష్టంగా చెప్పి పంపాలి. ఫిస్టులా వేయించుకోవడానికి ఎవరైనా నెలల తరబడి వాయిదా వేస్తుంటే డాక్టరు గారికి ప్రతి నెలా గుర్తు చేయడం కూడా ఇన్‌ఫెక్షన్ నివారణలో భాగమే.

మిషన్ విషయంలో నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు పీడనాన్ని చూపే లైను చివర ఉండే చిన్న తెల్లని ఫిల్టర్. దాన్ని ప్రతి రోగికీ మార్చాలి. అది రక్తంతో తడిసిందంటే, అవతలి పక్క మిషన్ లోపలికి రక్తం చేరిందేమో విప్పి చూసి, శుద్ధి చేసేదాకా ఆ మిషన్ మీద మరొకరిని ఎక్కించకూడదు.

రోగి మొదటిసారి వచ్చినప్పుడు హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షల ఫలితాలు చూసిన తరువాతనే కుర్చీ కేటాయించాలి. ఇచ్ఛాపురం వైపు వారు బరంపురంలోనూ, ఇతరులు విశాఖలోనూ మధ్యలో డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తుంటారు. వారికి పరీక్షలు మళ్లీ చేయించాలి. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే గది, వేరే మిషన్, వేరే సామగ్రి తప్పనిసరి, ఆ షిఫ్టులో వారిని చూసే మనిషి ఆ జబ్బు నుంచి టీకా రక్షణ లేని ఇతర రోగులను చూడకూడదు. హెపటైటిస్ సి ఉన్నవారికి చాలా కేంద్రాలు వేరే మిషన్ ఉంచుతాయి. ఉంచితే తప్పు లేదు కానీ, పాజిటివ్ మిషన్ వేరే ఉంది కదా అని మిగతా కుర్చీల దగ్గర చేతులు కడగడం మానేసిన గదులను చూశాను. హెచ్.ఐ.వి.కి వేరే మిషన్ అవసరం లేదు. ఎవరి ఫలితమూ కుర్చీ మీద బోర్డు రాసి తగిలించకూడదు, హెచ్.ఐ.వి. వివరాల గోప్యతకు 2017 నాటి చట్టపు రక్షణ కూడా ఉంది. డయాలసిస్ రోగికి హెపటైటిస్ బి టీకా సాధారణ మోతాదుకు రెట్టింపుగా, 40 మైక్రోగ్రాముల చొప్పున, 0, 1, 2, 6 నెలలలో ఇస్తారు. చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తంలో దానికి యాంటీబాడీలు మిల్లీలీటరుకు పది మిల్లీ యూనిట్లకు పైగా వచ్చాయో లేదో చూడాలి. మన టీకా మనం వేయించుకున్నామా అన్నది కూడా చూసుకోవాలి.

వాడిన ఫిస్టులా సూది లావుగా, బోలుగా ఉండి రక్తాన్ని నిలుపుకుంటుంది కనుక, దానికి తిరిగి మూత పెట్టే ప్రయత్నం చేయవద్దు. సూదులను, గుచ్చినా చిల్లు పడని తెల్లని డబ్బాలో, ట్యూబులు, డయలైజర్లు, గ్లోవ్స్ ఎరుపు సంచిలో, రక్తపు దూది పసుపు సంచిలో, గాజు సీసాలు నీలం పెట్టెలో వేయాలి. 48 గంటలకు మించి కేంద్రంలో నిల్వ ఉంచకూడదు. సూది గుచ్చుకుంటే సబ్బు, నీటితో కడగాలి, పిండవద్దు, హైపో పోయవద్దు, సిగ్గుపడకుండా వెంటనే చెప్పాలి. హెచ్.ఐ.వి. మందులు అవసరమైతే రెండు గంటలలోగా మొదలుపెట్టడం ఉత్తమం, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు.

చివరిది నీరు. నాలుగు గంటలలో ఒక రోగి రక్తం సుమారు 120 లీటర్ల నీటికి పలుచని పొర అవతల ప్రవహిస్తుంది. ప్రతి షిఫ్టుకు ముందు కార్బన్ ట్యాంకు తరువాతి నీటిలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించలేదని పరీక్షించి పుస్తకంలో రాయాలి. బాక్టీరియా మిల్లీలీటరుకు వంద లోపు, బాక్టీరియా నుంచి వచ్చే విషమైన ఎండోటాక్సిన్ మిల్లీలీటరుకు 0.25 యూనిట్ల లోపు ఉండాలి. పైపులను నెలకొకసారైనా క్రిమిశుద్ధి చేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత ఈ పక్క చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు పైపులలో నిలిచిపోయిన నీటిలో బాక్టీరియా పెరుగుతుంది కనుక, కరెంటు రాగానే రోగిని ఎక్కించకుండా ముందు లైనంతా కడిగి, శుద్ధి చేసి, నమూనా పంపాలి.

చలి జ్వరాల పుస్తకం ఒకటి వేరే పెట్టండి. డయాలసిస్ మధ్యలో ఎవరికి ఎప్పుడు వణుకు వచ్చినా తేదీ, షిఫ్టు, కుర్చీ, ఫిస్టులానా కాథెటరా అన్నది అందులో రాయాలి. ఒక్కరికే వణుకు వస్తే ముందు అతని కాథెటర్‌ను అనుమానించి, యాంటీబయాటిక్ ఇవ్వకముందే రక్తపు కల్చర్ (రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) తీయించాలి. ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురు వణికితే అనుమానం నీటి మీదికి మళ్లాలి, అప్పుడు షిఫ్టు ఆపి డాక్టరు గారిని పిలవాలి, ఆటో దాటిపోయినా సరే.