పాత అంబాసిడర్ ఇంజన్ పని నేర్చుకుందాం, 4వ పాఠం: హెడ్ స్టడ్లు, గ్యాస్కెట్

పోయిన పాఠంలో హెడ్ (సిలిండర్ల పైమూత) దించాం. హెడ్‌కూ, కింది ఇంజన్ దిమ్మ అయిన బ్లాకుకూ మధ్య ఉండే పల్చటి రేకే గ్యాస్కెట్. ఆ పాత గ్యాస్కెట్‌ను వెలుతురులో పెట్టి చూడండి. రెండు సిలిండర్ల మధ్య నల్లటి చార ఉంటే మంట అటూ ఇటూ దాటినట్టే. చాలామంది కొత్త గ్యాస్కెట్ తెచ్చి, పాత స్టడ్లతోనే (బ్లాకులోంచి పైకి నిలిచే మరల కడ్డీలు) బిగించేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే కాలుతుంది. గ్యాస్కెట్‌ను అదిమి ఉంచే బలం స్టడ్లది. పని అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

అంబాసిడర్‌లోని 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్‌లో హెడ్‌ను 11 స్టడ్లు పట్టి ఉంచుతాయి. స్టడ్డును గట్టి స్ప్రింగు అనుకోండి. నట్టు బిగిస్తే మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు సాగుతుంది. మళ్లీ కుదించుకోవాలనే ఆ లాగుడే హెడ్‌ను నొక్కుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కి, ఎన్నోసార్లు అతిగా బిగిసిన స్టడ్డు శాశ్వతంగా సాగి, మర దగ్గర సన్నబడుతుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా సెట్టంతా మార్చమంటాను. క్రోమ్-మాలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) ఉక్కు స్టడ్లు దొరికితే మరీ మంచిది. ఇవి అంగుళాల మరలు, మిల్లీమీటర్ల స్టడ్డును బలవంతంగా ఎక్కించకండి.

ఇక బ్లాకు. స్టడ్డు లాగీ లాగీ రంధ్రం చుట్టూ ఇనుము కాస్త పైకి ఉబ్బుతుంది. బొటనవేలితో తడిమితే తెలియదు. చదునైన ఆకురాయికి కిరోసిన్ రాసి, ఆ చోట మెల్లగా రుద్దండి. ఉబ్బు ఉంటే రంధ్రం చుట్టూ ఉంగరంలా మెరుస్తుంది. మొదటిసారి ఆ ఉంగరం చూసినప్పుడు, అంతకుముందు నేను బిగించిన హెడ్లన్నీ గుర్తొచ్చాయి. రంధ్రం అంచును కొద్దిగా ఏటవాలుగా చెక్కిస్తే ఉబ్బు గ్యాస్కెట్‌ను తాకదు. హెడ్ వంకరను స్కేలు, ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే పల్చటి రేకులు) చూసి, అవసరమైతే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించండి.

పాత గ్యాస్కెట్‌లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు. పొడిగా గీకకండి, బ్రష్షు పెట్టకండి. తడిపి, మాస్కు కట్టుకుని తీయండి.

రంధ్రాల మరలు శుభ్రం చేయడానికి కొత్త ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వాడితే ఇనుమును కోసేస్తుంది. పాత స్టడ్డుకే నిలువునా రెండు గాడులు ఆకురాయితో తీసి, రంధ్రంలో తిప్పండి, మురికంతా గాడుల్లోకి వస్తుంది. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిల్ నిలిస్తే స్టడ్డు దిగేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగలొచ్చు. గాలి కొట్టి ఆరబెట్టండి. నీళ్ల దారిలోకి తెరుచుకున్న రంధ్రమైతే మరకు సీలెంట్ రాయండి. స్టడ్డును చేత్తో దిగినంతే దింపండి.

ఇక బిగింపు. టార్క్‌లో (నట్టును తిప్పే బలం) దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. అందుకే నట్టు మరకూ, వాషరు పైముఖానికీ నూనె తప్పనిసరి. కొత్త స్టడ్లతో ఇచ్చిన లూబ్రికెంట్, దానికి రాసిన టార్క్ అంకె, ఈ రెండూ జతగా వాడండి. స్టడ్డు గట్టిదని అంకె దాటిస్తే బ్లాకు మరే ఊడుతుంది.

ఈ ఇంజన్‌లో నాలుగు హెడ్ నట్లు రాకర్ స్టాండ్లను (వాల్వులను నొక్కే మీటల దిమ్మెలు) కూడా పట్టి ఉంచుతాయి. కాబట్టి పుష్‌రాడ్లు (ఆ మీటలను కిందినుంచి నెట్టే కడ్డీలు) సరిగ్గా కూర్చున్నాయని చూశాకే మొదలుపెట్టండి. మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా: మూడో వంతు, మూడింట రెండు వంతులు, పూర్తి టార్క్.

ఇంజన్‌ను ఒకసారి బాగా వేడెక్కించి, రాత్రంతా చల్లారనివ్వండి. మీ గ్యాస్కెట్ కవరు మీద మళ్లీ బిగించమని ఉంటే, అదే వరుసలో ఒక్కో నట్టే కాస్త వదిలి తిరిగి అంకెకు తీసుకురండి. ఆ తర్వాతే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ మీటకూ మధ్య సందు). వచ్చే పాఠంలో అది పెడదాం, అప్పటిదాకా రాకర్ కవరు వదులుగానే ఉంచండి.