ఒక ప్రదేశపు శీతోష్ణస్థితి ఉష్ణమండల రకమో కాదో తేల్చుకోవడం ఎలా?

ఒక ప్రదేశం కర్కట, మకర రేఖల మధ్య ఉన్నంత మాత్రాన దాని శీతోష్ణస్థితి ఉష్ణమండల రకమైపోదు. ఈక్వెడార్ రాజధాని క్విటో దాదాపు భూమధ్యరేఖ మీదనే ఉన్నా, సుమారు 2,850 మీటర్ల ఎత్తు కారణంగా అక్కడ ఏ నెల సగటు ఉష్ణోగ్రతా 18 డిగ్రీల సెల్సియస్‌ను అందుకోదు. కాబట్టి పటం కంటే ముందు, కనీసం 30 ఏళ్ల లెక్కలతో తయారైన నెలవారీ సగటు ఉష్ణోగ్రత, వర్షపాతాల పట్టికను దగ్గర పెట్టుకోవాలి.

శీతోష్ణస్థితి శాస్త్రవేత్త వ్లాదిమిర్ కొప్పెన్ రూపొందించిన పద్ధతి ప్రకారం, అన్నిటికన్నా చల్లని నెలలో కూడా సగటు 18 డిగ్రీలకు తగ్గకూడదు. అయితే వేడి ఎడారులు కూడా కొన్ని ఈ పరీక్షలో నెగ్గుతాయి కనుక వాటిని ముందే వేరు చేయాలి. వానలో 70 శాతం లేదా అంతకు మించి వేసవి అర్ధ సంవత్సరంలో (ఉత్తరార్ధగోళంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు) కురిసే చోట వార్షిక సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించి 280 కలపాలి. ఏడాది వర్షపాతం మిల్లీమీటర్లలో ఆ సంఖ్యకు తగ్గితే అది శుష్క ప్రాంతం. వాన ఏడాది పొడవునా పంచుకుని కురిస్తే 280కి బదులు 140 కలపాలి, శీతాకాలంలోనే 70 శాతం కురిస్తే ఏమీ కలపనక్కరలేదు.

ఆ తరువాత చూపంతా అతి తక్కువ వాన పడే నెల మీద నిలపాలి. నా దృష్టిలో అసలు విషయమంతా అక్కడే ఉంది. ఆ నెలలోనూ 60 మి.మీ. కురిస్తే, సింగపూర్‌లో లాగా, అది వర్షారణ్య రకం. కురవకపోతే, వార్షిక వర్షపాతాన్ని 25తో భాగించి, వచ్చినదాన్ని 100లోంచి తీసివేయాలి. పొడి నెల వాన ఆ సంఖ్యకు తగ్గకుంటే ఋతుపవన రకం, తగ్గితే సవానా, అంటే ఉష్ణమండల గడ్డిభూముల రకం. ఏడాదికి 3,500 మి.మీ.కు పైగా కురిసే గినీ రాజధాని కొనాక్రీలో కొన్ని నెలలు దాదాపు చుక్క పడకపోయినా అది ఋతుపవన రకమే అవుతుంది, ఎందుకంటే అంత వానకు ఈ లెక్క సున్నా కంటే కిందికి దిగుతుంది.

ఈ పొడి నెలలకు కారణం, ఉభయార్ధగోళాల వ్యాపార పవనాలు కలిసే అల్పపీడన మేఖల సూర్యుడి వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జరగడమే. అందుకే దక్షిణార్ధగోళంలో నెలలు తారుమారవుతాయి: సుమారు 1,700 మి.మీ. కురిసే ఆస్ట్రేలియా నగరం డార్విన్‌కు లెక్క 32 వస్తుంది, జులైలో అక్కడ వాన దాదాపు ఉండదు గనుక అది సవానా. దాని వానాకాలాన్ని డిసెంబరు నుంచి మార్చి వరకు ఉన్న గడుల్లో వెతకాలి.