ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం విలేకరులు బాలల కేసు పంపేటప్పుడు

ఛానెల్ వేగంగా పెరిగేటప్పుడు వీడియోల సంఖ్య పెంచుతారు, సరిచూసేవాళ్లను మాత్రం పెంచరు. తప్పులు అక్కడే దొర్లుతాయి. ఎఫ్‌ఐఆర్ ఒడియాలో ఉంటే చదవగలిగినవాళ్లతో సెక్షన్లు చెప్పించుకోండి, ఊహించి రాయొద్దు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, చిరునామా, కుటుంబం, బడి, ఏదీ బయటపెట్టకూడదు. తప్పితే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఉద్యోగి తప్పుకు యజమానీ బాధ్యుడే.

ముఖం మసక చేస్తే చాలదు. యూనిఫాం జేబు మీది బ్యాడ్జి, వెనక గోడ మీది బడి పేరు, తండ్రి గొంతు... చిన్న ఊళ్లో ఇవే ఆనవాలు పట్టిస్తాయి. ఆ షాట్లు డెస్క్‌కి (ఆఫీసులో వార్తలు సిద్ధం చేసేవాళ్లకి) చేరకముందే, మీ ఫోన్లోనే కత్తిరించండి. చేరాక ఎవరు వాడతారో మీ చేతిలో ఉండదు.

"ముందు వేసేద్దాం" అని డెస్క్ ఒత్తిడి చేస్తే, అభ్యంతరం మాటల్లో వదిలేయకుండా వాట్సాప్‌లో రాసి పంపండి.