వానకు రేసు ఆగిపోతే ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

ఫార్ములా 1 కార్ల రేసులో రెడ్ ఫ్లాగ్, అంటే రేసుని ఆపే ఎర్ర జెండా, పడగానే అందరూ చేసే మొదటి పని ఫోన్‌లో వాన ఎప్పుడు తగ్గుతుందో వెతకడం. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాసుకోండి: జెండా పడింది ఎన్నో ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ ఎన్నో చుట్టులో), అప్పుడు టైమ్ ఎంత, అంతకు రెండు ల్యాప్‌ల ముందు ఎవరు ఏ స్థానంలో ఉన్నారు. ఆ తర్వాత ఏం జరిగినా, రేసు మళ్లీ మొదలైనా, అక్కడితో ముగిసినా, మీకు అర్థం కాకుండా పోయేది చాలా తక్కువ.

ఈ అలవాటు నాకు 2021 ఆగస్టు 29న మొదలైంది. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఫార్ములా 1 రేసు, మనకు సాయంత్రం ఆరున్నరకి. నాన్న కూడా పక్కన కూర్చున్నారు. అక్కడ ఎడతెరిపి లేని ముసురు. కార్లు సేఫ్టీ కార్ వెనక (అందర్నీ నెమ్మదిగా నడిపించే కారు అది, దాని వెనక ఒకర్నొకరు దాటకూడదు) ఓ రెండు మూడు చుట్లు తిరిగి గ్యారేజీల ముందుండే పిట్ లేన్‌లోకి వచ్చి ఆగిపోయాయి, ఆ తర్వాత గంటలు గడిచినా స్టాండుల్లో రెయిన్‌కోట్లు వేసుకుని కూర్చున్న జనం తప్ప టీవీలో ఏమీ లేదు. నాన్న పావుగంటకోసారి "ఏరా, మొదలైందా?" అని అడగడం, నేను "ఇంకా లేదు నాన్నా" అనడం. చివరికి మన టైమ్ ప్రకారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక మళ్లీ సేఫ్టీ కార్ వెనకే బయటికి వచ్చి, కొన్ని ల్యాప్‌లు తిరిగి, మళ్లీ రెడ్ ఫ్లాగ్, రేసు అయిపోయింది. నాన్న అప్పటికి భోంచేసి వచ్చి "ఎవరు గెలిచారు?" అన్నారు. వెర్‌స్టాపెన్ అన్నాను. "ఎవర్ని దాటి?" అన్నారు. ఎవర్నీ దాటలేదు, దాటే అవకాశమే ఎవరికీ రాలేదు. ఆ ఫలితం ఎలా వచ్చిందో మాత్రం ఆ రాత్రి ఆయనకి చెప్పలేకపోయాను. ఆయనకి చెప్పాల్సిందే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

రేసు రోజు వాన సూచన ఉంటే, మొదలవ్వక ముందే చిన్న లెక్క వేసి పెట్టుకోండి. మొత్తం ల్యాప్‌లలో పావు, సగం, ముప్పావు ఎంతో చూసుకోవడమే. స్పాలో 44 ల్యాప్‌లు కాబట్టి 11, 22, 33. జపాన్‌లోని సుజుకాలో 53, అక్కడ భిన్నం వస్తుంది కాబట్టి పై అంకె తీసుకుంటే 14, 27, 40. ఈ మూడు అంకెలూ కాగితం పైన పెద్దగా రాసుకోండి, ఎందుకో పాయింట్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

తర్వాత గడియారం. ఇక్కడ రెండు గడియారాలు నడుస్తాయి, చాలామంది ఒక్కటే చూసి టెన్షన్ పడతారు. కార్లు నిజంగా పరిగెత్తే టైమ్‌కి రెండు గంటల పరిమితి ఉంది, రెడ్ ఫ్లాగ్ ఉన్నంతసేపు అది ఆగుతుంది. దాని వెనక మూడు గంటల పెద్ద గడియారం ఇంకొకటి, అది రెడ్ ఫ్లాగ్ పడినా ఆగదు. అందుకే నిరీక్షణ సాగేకొద్దీ రేసు పొట్టిదైపోతుంది. స్పాలో ఆ రోజు స్టీవార్డులు, అంటే నిబంధనలు చూసే అధికారులు, అసాధారణ పరిస్థితి అని చెప్పి ఈ పెద్ద గడియారాన్ని కూడా గంట మిగిలి ఉండగా ఆపేశారు, అంతసేపు సాగింది అందుకే. మామూలుగా అయితే అలా జరగదు. రేసు మొదలైన టైమ్‌కి మూడు గంటలు కలపండి, ఆ లోపు ఎన్ని ల్యాప్‌లు పడితే అన్నే.

ఈ పరిమితి ఎప్పుడూ ఇంతే అనుకోకండి. 2011లో కెనడా రేసు మధ్యలో వానకి రెండు గంటలకు పైగా ఆగి మళ్లీ మొదలైంది, మొత్తం 4 గంటల 4 నిమిషాలు పట్టింది, మనకు తెల్లవారుజామున రెండున్నర. ఒక దశలో అందరికంటే వెనక ఉన్న జెన్సన్ బటన్ ఆఖరి ల్యాప్‌లో వెటెల్‌ని దాటి గెలిచాడు. రెడ్ ఫ్లాగ్ చూసి పడుకున్నవాళ్లు పోగొట్టుకున్నది అదీ. మరుసటి ఏడాది నాలుగు గంటల పరిమితి పెట్టారు, 2021కి అది మూడయింది. గడియారంలో టైమ్ మిగిలి ఉంటే టీవీ కట్టెయ్యొద్దు, నా మాట వినండి.

ఇప్పుడు అందరికీ కోపం వచ్చే చోటు. "వాన తగ్గింది కదా, టైర్లు ఉన్నాయి కదా, ఇంకా ఎందుకు పంపట్లేదు?" ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ఆకాశం చూడకండి, కారు వెనక చూడండి. వాన టైర్లు రెండు రకాలు, ఆకుపచ్చ గీత ఉన్నవి ఇంటర్మీడియట్, నీలం గీత ఉన్నవి పూర్తి వాన టైర్లు. నీలం టైరు ఒక్కోటి 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీళ్లు చిమ్మగలదని తయారుచేసే పిరెల్లీ చెప్పింది. నాలుగూ కలిపితే 340 లీటర్లు. మన మేడ మీది 500 లీటర్ల ట్యాంకు రెండు సెకన్ల లోపే ఖాళీ. ఆ నీళ్లన్నీ పొగలా పైకి లేస్తాయి, వెనక వచ్చే కారు దూరేది అందులోకే. అంటే టైరు ఎంత బాగా పనిచేస్తే వెనకవాడికి అంత తక్కువ కనిపిస్తుంది. అసలు చిక్కు ఇదే, జారడం తర్వాతి సంగతి.

ఒకసారి సేఫ్టీ కార్ వెనక తిరుగుతున్నప్పుడు మధ్యలో ఉన్న ఏదైనా కారు ఆన్‌బోర్డ్ కెమెరా పెట్టుకుని చూడండి. ముందంతా తెల్లటి గోడ. అందులో ఒక ఎర్ర చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ముందు కారు వెనక లైటు అది. ఆ చుక్క 20 మీటర్ల దూరంలో ఉందో 100 మీటర్ల దూరంలో ఉందో మీరు చెప్పలేరు, డ్రైవరూ చెప్పలేడు. మలుపు ఎక్కడుందో గుర్తు మీద తిప్పాలి. మన హైవే మీద జడివానలో లారీ వెనక వెళ్లినవాళ్లకి ఇది కొంచెం తెలుస్తుంది, వైపర్లు ఎంత కొట్టుకున్నా లారీ టెయిల్ లైటు మాత్రమే కనిపిస్తుంది చూడండి, అది. మొదటి స్థానంలో ఉన్నవాడికి మాత్రం దారి శుభ్రంగా కనిపిస్తుంది, కాబట్టి అతను రేడియోలో "బాగానే ఉంది, మొదలెట్టండి" అంటే దాన్ని బట్టి తేల్చుకోకండి. పదో స్థానంలో ఉన్నవాడు ఏమంటున్నాడో వినండి.

ఇంకో విషయం, హెలికాప్టర్. ప్రమాదం జరిగితే మనిషిని టైమ్‌కి ఆస్పత్రికి చేర్చగలిగే ఏర్పాటు లేకపోతే కార్లను బయటికి పంపరు. మబ్బు బాగా కిందికి దిగి హెలికాప్టర్ ఎగరలేకపోతే, ట్రాక్ మీద చినుకు లేకపోయినా ఆగాల్సి రావచ్చు.

ఈ జాగ్రత్త ఎక్కువైందని ఎవరైనా అంటే నాకు సుజుకా గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 5, వానలో డ్రైవర్ జూల్స్ బియాంకీ కారు ట్రాక్ దాటి, అప్పటికే అక్కడ ఇంకో కారుని తీస్తున్న ట్రాక్టర్‌కి గుద్దుకుంది. రేసు ఆపేశారు, 44వ ల్యాప్ దగ్గరి ఫలితం తీసుకున్నారు. బియాంకీ తర్వాతి ఏడాది జూలైలో చనిపోయాడు, 25 ఏళ్లు. 2022లో మళ్లీ అదే ట్రాక్, అదే వాన, నీటి తెరలో పియెర్ గ్యాస్లీ ట్రాక్ మీదే ఉన్న రికవరీ ట్రాక్టర్‌ని పక్కనుంచి దాటాడు, ముందు అది అక్కడుందని కూడా కనిపించలేదు. రేడియోలో అతని గొంతు విన్నాక, టీవీ ముందు రెండు గంటలు కూర్చోవడం నాకు ఇబ్బందిగా అనిపించడం మానేసింది.

సరే, రేసు ఇక మొదలు కాదని చెప్పేశారనుకోండి. ఇప్పుడు కాగితం బయటికి తీయండి. ఫలితం జెండా పడిన క్షణానిది కాదు, ఆ ల్యాప్‌కి రెండు ల్యాప్‌ల వెనకది. 2009లో మలేషియాలోని సెపాంగ్‌లో 33వ ల్యాప్‌లో జెండా పడింది, ఫలితం 31వ ల్యాప్ దగ్గర తీసుకున్నారు. యూరప్ ప్రేక్షకుల కోసం ఆ రేసుని అక్కడి టైమ్ సాయంత్రం ఐదింటికి పెట్టారు, ఆ దేశంలో సాయంత్రం వాన అంటే ఎలా కురుస్తుందో చూశాం, వాన సంగతి అటుంచి చీకటి పడిపోయింది. డ్రైవర్ రైకోనెన్ నిక్కరు వేసుకుని గ్యారేజ్‌లో ఐస్‌క్రీమ్ తింటూ కనిపించింది ఆ రోజే, అతని రేసు ఎలాగూ అయిపోయింది.

పాయింట్లు. పాత లెక్కలో ముప్పావు దూరం దాటకపోతే సగం పాయింట్లు, అంతే. స్పాలో గెలిచిన వెర్‌స్టాపెన్‌కి 25లో సగం 12.5, రెండో రస్సెల్‌కి 9, మూడో హామిల్టన్‌కి 7.5 వచ్చాయి. లీడర్ రెండు ల్యాప్‌లకు మించి తిరిగాడు కాబట్టి పాయింట్లు ఇచ్చారు, ఫలితం మాత్రం 1వ ల్యాప్ చివరిది. నాన్నకి నేను చెప్పలేకపోయింది ఇదే. అంతకుముందు అతి పొట్టి రేసు 1991 అడిలైడ్, 81 ల్యాప్‌లలో 14, సెన్నా గెలిచాడు.

స్పా మీద వచ్చిన గొడవ తర్వాత 2022లో మెట్లు పెట్టారు, ఇప్పుడు మీ మూడు అంకెలు పనికొస్తాయి. ముందుగా, సేఫ్టీ కార్ లేకుండా కనీసం రెండు ల్యాప్‌లు నడవకపోతే ఎవరికీ ఏమీ రాదు. ఈ ఒక్క వాక్యం 2021లో ఉంటే ఆ రోజు అందరికీ సున్నా, నా ఉద్దేశంలో అదే న్యాయం. పావు దూరం లోపు ఆగితే మొదటి ఐదుగురికే, గెలిచినవాడికి 6. పావు నుంచి సగం లోపు అయితే తొమ్మిది మందికి, గెలిస్తే 13. సగం నుంచి ముప్పావు లోపు పది మందికి, గెలిస్తే 19. ముప్పావు దాటితే మామూలుగా 25.

ఇందులోనూ ఒక మెలిక వచ్చింది. 2022 సుజుకాలో 53కి 28 ల్యాప్‌లే అయ్యాయి, అందరూ 19 అనుకున్నారు, వ్యాఖ్యాతలూ అలాగే లెక్కేశారు. కానీ ఆ ఏడాది నిబంధనలో ఈ మెట్లు రేసు ఆగిపోయి మళ్లీ మొదలు కానప్పుడే వర్తిస్తాయని ఉంది, ఈ రేసు మళ్లీ మొదలై చెకర్డ్ ఫ్లాగ్‌తో (రేసు ముగింపు జెండాతో) ముగిసింది, అందుకని పూర్తి 25. ఆఖరి మలుపు దగ్గర ట్రాక్ బయటికి వెళ్లినందుకు లెక్లెర్క్‌కి 5 సెకన్ల పెనాల్టీ పడి మూడో స్థానానికి జారాడు, దాంతో వెర్‌స్టాపెన్‌ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ సంగతి అతనికే చాలాసేపు నమ్మకంగా తెలియలేదు. 2023 నుంచి ఆ సందు మూసేశారు, ఎలా ముగిసినా పొట్టి రేసు అయితే మెట్ల లెక్కే.

ఈ అర పాయింట్లు, పావు దూరాలు ఎందుకని అనుకునేవాళ్లు 1984 మొనాకో లెక్క ఒకసారి వేసి చూడండి. కుండపోత వానలో ప్రోస్ట్ ముందున్నాడు, వెనక నుంచి టోల్‌మన్ కారులో కుర్ర సెన్నా ల్యాప్ ల్యాప్‌కీ దగ్గరవుతున్నాడు. రేసు ఆపేశారు, 31 ల్యాప్‌ల ఫలితం, ప్రోస్ట్ గెలుపు, కానీ 9కి బదులు 4.5 పాయింట్లు. ఏడాది చివర చాంపియన్ అయిన లౌడాకి 72, ప్రోస్ట్‌కి 71.5. రేసు పూర్తిగా నడిచి ప్రోస్ట్ సెన్నా చేతిలో ఓడి రెండోవాడిగా వచ్చినా 6 వచ్చేవి, మొత్తం 73 అయ్యేది.

మీరు ట్రాక్ దగ్గరికే వెళ్తుంటే, సింగపూర్‌కో సిల్వర్‌స్టోన్‌కో మనవాళ్లు బాగానే వెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా, గొడుగు నమ్ముకోకండి. విప్పితే వెనక కూర్చున్నవాళ్లకి ఏమీ కనిపించదు. ఒంటినిండా కప్పే రెయిన్‌కోటు, ఫోన్‌కి జిప్ కవరు, ఒక జత పొడి సాక్సులు, పవర్ బ్యాంకు. టికెట్ కొనేముందే వానకి రేసు ఆగితే డబ్బులు వెనక్కి ఇస్తారో లేదో షరతుల్లో చదవండి, తడిసి కూర్చున్నాక చదివితే బాధే మిగులుతుంది.

ఇక చివరిది, పోడియం (కప్పులు ఇచ్చే వేదిక) చూసి గెలిచింది ఎవరో తేల్చుకోకండి. 2003లో బ్రెజిల్‌లో తడి ట్రాక్ మీద వెబర్, అలొన్సో కార్లు తుక్కై రేసు ఆగింది, రైకోనెన్ గెలిచాడని ప్రకటించి పోడియం మీద పెద్ద కప్పు కూడా అతనికే ఇచ్చారు. తర్వాత టైమింగ్ రికార్డు చూస్తే జోర్డన్ కారులో ఉన్న ఫిసికెల్లా అప్పటికే 56వ ల్యాప్ మొదలుపెట్టేశాడని తేలింది, అంటే 53 కాదు, 54వ ల్యాప్ ఫలితం తీసుకోవాలి, ఆ ల్యాప్‌లో ముందున్నది అతనే. అయిదు రోజుల తర్వాత గెలుపు అతనికి వచ్చింది, తర్వాతి రేసు ఇమోలాలో రైకోనెన్ కప్పు తెచ్చి అతని చేతికిచ్చాడు. కాబట్టి స్టీవార్డుల తుది ఫలితం వచ్చేదాకా గ్రూపుల్లో ఎవరికీ శుభాకాంక్షలు పెట్టకండి, మీరు రాసుకున్న కాగితం అప్పటిదాకా దగ్గర ఉంచుకోండి.