బ్యోర్నోయా దీవిలో దిగేవారికి జాగ్రత్తలు: అలల హోరును నమ్మకండి

గత జూలైలో మా నౌక నుంచి దిగిన ఇద్దరు పొగమంచులో దారి తప్పి కొండ అంచుకు నాలుగడుగుల దూరంలో ఆగారు. మళ్లీ నౌకలు బయలుదేరే కాలం వచ్చింది గనుక ఇది రాస్తున్నాను.

బ్యోర్నోయా నార్వే ఉత్తర తీరానికీ, దానికి ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న స్పిట్స్‌బెర్గెన్ దీవికీ నడుమ 74 డిగ్రీల అక్షాంశం మీద ఒంటరిగా ఉన్న దీవి. విస్తీర్ణం 178 చదరపు కిలోమీటర్లు. 1596లో డచ్చి నావికుడు విల్లెం బారెంట్స్ బృందం ఇక్కడ ధ్రువపు ఎలుగుబంటిని చూడడంతో ‘ఎలుగుబంటి దీవి’ అని అర్థమిచ్చే ఆ పేరు పడింది, అందుకే వచ్చేవారంతా ఎలుగుబంటి గురించే అడుగుతారు. తుపాకీ ఉన్న గైడు లేకుండా కదలకూడదు, అంతే.

దక్షిణాన 400 మీటర్లకు పైగా నిలువుగా లేచిన చరియలను చూస్తే ఎవరికైనా భయమే, కాబట్టి అక్కడ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. మోసం ఉత్తరాన ఉంది. సుమారు 700 చెరువులు, రాళ్లు పరచుకున్న ఆ మైదానంలో ఆనవాలుకు ఒక్క చెట్టయినా లేదు. అట్లాంటిక్ వెచ్చని నీరు, ధ్రువపు చల్లని నీరు ఈ దీవి చుట్టూ కలుస్తాయి గనుక వేసవిలో పొగమంచు ఉన్నట్టుండి కమ్ముతుంది. అప్పుడు దారి తప్పినవారు చేసే తప్పు ఒక్కటే: అలల హోరు వినిపించే వైపు నడిస్తే తీరం చేరతామనుకుంటారు. తీరమంటే ఇసుకే గుర్తొచ్చే మన కోస్తావాళ్లకు ఈ భ్రమ మరీ ఎక్కువ. ఇక్కడి మైదానం చాలాచోట్ల సముద్రంలోకి వాలుగా దిగదు, కత్తితో కోసినట్టు తెగిపోతుంది. పైకి గట్టిగా కనిపించే అంచును అడుగున అలలు తొలిచేసి ఉండవచ్చు.

పడవ దిగిన చోటును మొదటి అడుగుకు ముందే జీపీఎస్‌లో నమోదు చేసుకోండి. చలికి ఫోను బ్యాటరీ నిలవదు గనుక విడి పరికరం ఉంచుకోండి. మంచు కమ్మితే ఉన్నచోటే నిలబడండి. హోరు వైపు నడవకండి. గైడు గాలి మారిందని చెబితే ఫొటో సగంలో ఉన్నా పడవెక్కండి, ఎందుకంటే అన్ని గాలులనూ కాచే రేవు ఈ దీవిలో లేదు. 2009 మేలో పెట్రోజావోద్స్క్ అనే సరుకు నౌక దక్షిణ చరియల కిందే రాళ్లెక్కింది. దీవిలోని ట్యూన్‌హైమ్ అనే చోట 1925లో మూతపడిన బొగ్గుగని శిథిలాల నుంచి తుప్పు ముక్క కూడా తీయకండి. ఫొటో కోసం వెనక్కి అడుగు వేయకండి. పక్షులు గూడుకట్టిన చరియల దగ్గరికి పోకండి. మళ్లీ చెబుతున్నాను, హోరు వైపు నడవకండి. వరుసలో చివరి మనిషి కనిపించకపోతే అందరూ ఆగి ఈల ఊదండి, బదులు వినిపించినా గైడు చెప్పేదాకా ఒక్కరూ కదలకండి.