బహుపది సమీకరణాలను విడగొట్టడం – 4వ పాఠం: శీర్ష గుణకం సున్నా అయితే?

పోయిన పాఠంలో మెట్ల రూపం చూశాం. కింది మెట్టులో ఒక్క అజ్ఞాతమే ఉంటుంది, పైమెట్టులో ఇంకొకటి కొత్తగా వచ్చి చేరుతుంది. కింది నుంచి ఎక్కుతూ పోతే సాధనలు దొరుకుతాయి. ఈసారి మెట్టు విరిగే చోటు చూద్దాం.

అజ్ఞాతాలకు య, క అనే అక్షరాలే ఎందుకని కొందరికి అనుమానం రావచ్చు. భాస్కరాచార్యుడు బీజగణితంలో తెలియని రాశులను యావత్తావత్, కాలక, నీలక అని పిలిచి, యా, కా, నీ అని పొట్టిగా రాశాడు. మన అక్షరాలు అక్కడివే.

ముందు తేలికైన లెక్క:

య² + క² − 5 = 0
య·క − 2 = 0

క ని తొలగించాలి. మొదటి బహుపదిని రెండో దానితో భాగించాలంటే క ముందున్న య అడ్డం వస్తుంది, భిన్నాలు పుడతాయి. అందుకని భాగించే ముందే య² తో గుణించేస్తాం. దీన్నే సూడో డివిజన్ అంటారు.

య²(య² + క² − 5) = (య·క + 2)(య·క − 2) + (య⁴ − 5య² + 4)

చివరనున్న శేషంలో క లేదు. అదే మన కింది మెట్టు. పైమెట్టు య·క − 2. కింది మెట్టు మూలాలు 1, −1, 2, −2. ఒక్కోదానికి ఒక్కో క వస్తుంది కాబట్టి మొత్తం 4 సాధనలు.

కానీ య² తో గుణించేటప్పుడు య సున్నా కాదని మనసులో అనేసుకున్నాం. ఇంటర్‌లో సమీకరణానికి రెండు వైపులా ఉన్న ఎక్స్‌ని కొట్టేసి, ఒక మూలం పోగొట్టుకుని, దాంతో పాటు మార్కులూ పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. ఇక్కడ ఆ ప్రమాదం లేదు, కింది మెట్టుకు సున్నా మూలమే కాదు. అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదు. ఇది చూడండి:

య² − 3య + 2 = 0
(య − 1)క² + క − య = 0

చూడ్డానికి మెట్లు చక్కగా ఉన్నాయి. కింద వర్గం, పైన వర్గం, రెండు రెళ్లు నాలుగు అనిపిస్తుంది. వర్గ సమీకరణ సూత్రం పెడితే హారంలో 2(య − 1) వస్తుంది. య = 1 దగ్గర ప్రోగ్రాం సున్నాతో భాగించలేనని ఆగిపోతుంది.

పైమెట్టులో క యొక్క అత్యధిక ఘాతం ముందు ఉన్నదాన్ని శీర్ష గుణకం అందాం. ఇక్కడ అది య − 1. మెట్టు ఎక్కే ముందు దీనికీ కింది మెట్టుకీ గసాభా కట్టండి. 1 వస్తే భయం లేదు, ఎక్కేయండి. కింది మెట్టు మొత్తం వస్తే, శీర్ష గుణకం అక్కడ ఎప్పుడూ సున్నానే, కాబట్టి ఆ పదాన్ని తీసేసి మిగిలినదానితో మళ్లీ మొదలుపెట్టండి. మధ్యలో ఏదైనా వస్తే లెక్క రెండు కొమ్మలవుతుంది.

మనకు వచ్చింది య − 1. కింది మెట్టును దానితో భాగిస్తే య − 2 మిగులుతుంది. ఇప్పుడు,

మొదటి కొమ్మ: య − 1 = 0, క − 1 = 0
రెండో కొమ్మ: య − 2 = 0, క² + క − 2 = 0

సాధనలు (1, 1), (2, 1), (2, −2). నాలుగు కాదు, మూడే.

కారణాంకాలుగా విడగొడితే సరిపోయేది కదా, గసాభా ఎందుకు అనొచ్చు. ఇంత చిన్నదానికైతే నిజమే. నలభయ్యో ఘాతం, పొడవాటి గుణకాలు ఉన్నప్పుడు కారణాంక విభజన బరువైన పని. గసాభాకు వరుస భాగహారాలు చాలు. అవసరం పడ్డప్పుడే, పడ్డంత మేరకే చీల్చాలన్న ఈ ఆలోచనను డెల్లా డోరా, డిక్రెసెంజో, డువాల్ 1985లో డీ5 సూత్రంగా పెట్టారు. నన్నడిగితే ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. ఒక జాగ్రత్త మాత్రం: కింది మెట్టుకు సమాన మూలాలు ఉండకూడదు. ఉంటే ఒకే మూలం రెండు కొమ్మల్లోనూ దూరుతుంది.

శీర్ష గుణకం సున్నా అవడం వట్టి బీజగణిత చికాకు కాదు. బీజింగ్‌లో వూ వెన్-త్సున్ 1970ల చివర్లో జ్యామితి సిద్ధాంతాలను యంత్రంతో నిరూపించే పద్ధతి కట్టాడు. దత్తాంశాలను నిరూపకాలతో సమీకరణాలుగా రాసి, మెట్లు కట్టి, నిరూపించాల్సినదాన్ని వాటితో సూడో డివిజన్ చేస్తాడు. శేషం సున్నా వస్తే సిద్ధాంతం నిజం, అయితే శీర్ష గుణకాలు సున్నా కాని చోట మాత్రమే. ఆ షరతుల్ని విప్పి చూస్తే తరచుగా, త్రిభుజం మూడు శీర్షాలూ ఒకే గీత మీద లేవు అన్నలాంటి మాటలే కనబడతాయి. బడి పుస్తకాలు "ఒక త్రిభుజం అనుకుందాం" అని దాటేసేది దీన్నే. ఈ దారికి ప్రేరణ పాత చైనా గణితమని వూ చెప్పేవాడు. 1303లోనే ఝూ షిజియే నాలుగు అజ్ఞాతాల వరకు తొలగింపు లెక్కలు చేశాడు.

మేపుల్ అనే గణిత సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు రెగ్యులర్‌చెయిన్స్ ప్యాకేజీలో ట్రయాంగ్యులరైజ్ కమాండ్‌తో సరిచూసుకోవచ్చు. ముందు చేత్తో చేశాకే.

ఇంటిపని:

య² − 4 = 0
(య + 2)క² − 4క + య − 1 = 0

ఎన్ని కొమ్మలు, ఎన్ని సాధనలు? య = 2 కొమ్మలో విచక్షణి ఎంతో తప్పకుండా చూడండి. ఐదో పాఠం అక్కడే మొదలవుతుంది.